ఒక కంబళి ఏ దేశానిది?

ఊహా ప్రపంచాలను నిర్మించడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న వ్యాపకం. పటాలు గీయడం, నదులకు పేర్లు పెట్టడం, ఏ కనుమ గుండా ఏ సైన్యం దిగివచ్చిందో రాసుకోవడం, రాజవంశాల వరుస కూర్చుకోవడం వంటి పనులన్నీ ఇష్టంగానే చేస్తూ వచ్చాను. నేనూ మరో నలుగురు మిత్రులూ కలిసి పెంచుకొంటున్న ఖండంలో తలా ఒక దేశం చొప్పున ఐదు దేశాలున్నాయి. వాటి మధ్య స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం ఒకటి ఏర్పడినట్లు రాయవలసి వచ్చినప్పుడు పడినంత శ్రమ అంతకుముందు ఏ యుద్ధం గురించి రాసినప్పుడూ, ఏ వారసత్వ తగాదా గురించి రాసినప్పుడూ నేను పడలేదు. మొదటి ముసాయిదాలో నేను రాసింది ఒకే ఒక వాక్యం: "సభ్యదేశాల మధ్య సాగే వాణిజ్యంపై సుంకాలన్నీ రద్దయ్యాయి." ఆ వాక్యం చాలా నెలలు అలాగే ఉండిపోయింది. చివరికి ఒక ఉన్ని కంబళి వల్ల దాన్ని మొదటి నుంచి తిరగరాయవలసి వచ్చింది.

ముందుగా ఆ ఐదు దేశాల సంగతి చెప్పాలి. కొలిమినాడు అన్నిటికంటే పెద్దది. ఉక్కు కర్మాగారాలూ నూలు మిల్లులూ అక్కడే ఉన్నాయి, వాటిని కాపాడుకోవడానికి బయటి సరుకుపై 30 శాతం సుంకం వేస్తుంది. నీలతీరం రేవులమీద బతికే దేశం. దాని సుంకం 2 శాతానికి మించదు. పైరునాడు వ్యవసాయ దేశం. గిరిసీమకు సముద్రం లేదు. కొండలు, కనుమలు, తరతరాల నేతపని ఉన్నాయి గాని నూలు మిల్లు ఒక్కటీ లేదు. దొంతిలంకలు చిన్నచిన్న దీవుల కూటమి. ఖజానాకు వచ్చే రాబడిలో సగం దిగుమతి సుంకాలదే. నా వంతుకు వచ్చినది నీలతీరం. ఒప్పందాన్ని అంత తేలికగా ఒక్క వాక్యంలో తేల్చేయడానికి అదే కారణమని ఇప్పుడు అనిపిస్తోంది. రేవు దేశం దృష్టిలో సరుకు రావడమే ముఖ్యం గాని, అది ఎక్కడ తయారైందన్నది పెద్ద విషయం కాదు.

స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతానికీ కస్టమ్స్ యూనియన్‌కూ ఉన్న తేడా దగ్గరే నేను మొదట తడబడ్డాను. కస్టమ్స్ యూనియన్‌లో సభ్యులు తమలో తాము సుంకాలు ఎత్తివేసుకోవడంతో పాటు, బయటివారి సరుకుపై అందరూ ఒకే సుంకం వేస్తారు. నేటి యూరోపియన్ యూనియన్‌కు పూర్వరూపమైన ఐరోపా ఆర్థిక సమాజం 1968 జూలై 1 నాటికి చేరుకొన్న స్థితి ఇది. స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతంలో ఆ రెండో షరతు ఉండదు. బయటివారి విషయంలో ఎవరి సుంకం వారిదే. 1960 జనవరి 4న స్టాక్‌హోమ్‌లో ఆస్ట్రియా, డెన్మార్క్, నార్వే, పోర్చుగల్, స్వీడన్, స్విట్జర్లాండ్, బ్రిటన్ సంతకాలు చేసిన ఐరోపా స్వేచ్ఛా వాణిజ్య సంఘం ఈ రెండో దారినే ఎంచుకొంది. కామన్‌వెల్త్ దేశాలతో ఉన్న పాత సుంకాల ఏర్పాట్లను వదులుకోవడం బ్రిటన్‌కు ఇష్టం లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. సార్వభౌమత్వాన్ని పట్టి చూసుకొనే దేశాలకు ఈ పద్ధతే నచ్చుతుంది. మా ఐదు దేశాలకూ అదే నచ్చింది.

అయితే ఎవరి సుంకం వారిదే అయినప్పుడు, బయటి వ్యాపారి తన సరుకును నేరుగా కొలిమినాడుకు పంపి 30 శాతం ఎందుకు కడతాడు? నీలతీరం రేవులో దించి 2 శాతం కట్టి, అక్కడి నుంచి లారీలో సుంకం లేకుండా కొలిమినాడుకు తరలిస్తాడు. నా ఒక్క వాక్యం ఒప్పందం అమలైతే ఖండం మొత్తానికీ నీలతీరం సుంకమే సుంకమవుతుంది. కొలిమినాడు వేసుకొన్న గోడ ఒక్క రాత్రిలో కూలిపోతుంది. అందువల్లనే ప్రతి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలోనూ సరుకు పుట్టుకను నిర్ణయించే నిబంధనలు ఉంటాయి. వాటినే మూల నిబంధనలు అంటారు. సుంకం రద్దు అయ్యేది సభ్యదేశం నుంచి వచ్చిన సరుకుకు కాదు, సభ్యదేశంలో పుట్టిన సరుకుకు. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే ఒప్పందంలో ఎన్నో పుటలను ఆక్రమిస్తుంది.

గనిలో తవ్విన ఖనిజం, పొలంలో పండిన ధాన్యం, మందలో పుట్టిన గొర్రె విషయంలో చిక్కు లేదు. చిక్కంతా నాలుగు చోట్ల తిరిగి తయారైన వస్తువుతోనే. ఆగ్నేయాసియా దేశాలు 1992లో ఏర్పరచుకొన్న ఆసియాన్ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం, సరుకు విలువలో కనీసం 40 శాతం సభ్యదేశాలకు చెంది ఉంటే చాలునన్న కొలమానాన్ని పెట్టుకొంది. నేనూ ఆ 40 శాతాన్నే మా ఒప్పందంలో రాసి, పని అయిపోయిందనుకొన్నాను. అప్పుడు గిరిసీమను రాస్తున్న మిత్రురాలు ఒక కంబళి లెక్క వేసి పంపింది.

ఆ కంబళి ధర 100 నాణేలు. అందులో 55 నాణేలు ఖండం బయటి నుంచి తెచ్చిన ఉన్ని నూలుకు పోతాయి. నేత, అద్దకం, పైన నూగు లేపే పని, కూలి, లాభం కలిపి మిగిలిన 45 నాణేలు గిరిసీమవి. 45 శాతం ఉంది కనుక అది గిరిసీమ కంబళి; కొలిమినాడులో సుంకం లేదు. మరుసటి ఏడు ప్రపంచ సంతలో నూలు ధర పెరిగి 55 కాస్తా 70 అయిందనుకొందాం. నేతగాడు అదే మగ్గంమీద అదే కంబళిని అదే కూలికి నేశాడు. ధర 115 నాణేలైంది. గిరిసీమ వంతు అవే 45 నాణేలు. లెక్క కడితే 39.13 శాతం. మగ్గం దగ్గర ఏమీ మారలేదు. అయినా కంబళి తన దేశాన్ని పోగొట్టుకొంది, దానిమీద 34.5 నాణేల సుంకం పడింది. గిరిసీమ నాణెం మారకపు విలువ పడిపోయినా ఇదే జరుగుతుంది. ఆ లెక్క చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఊహా దేశమే అయినా, తాను చేయని తప్పుకు ఒక నేతగాడు శిక్ష అనుభవించే చట్టాన్ని రాసింది నేనే కదా.

దీనికి మరో కొలమానం ఉంది. ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే, 1988 నుంచి అమల్లో ఉన్న హార్మొనైజ్డ్ సిస్టమ్ అనే వర్గీకరణలో ప్రతి సరుకుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఏకిన ఉన్నితో వడికిన నూలుకు 5106, ఆ నూలుతో నేసిన బట్టకు 5111, కంబళికి 6301. బయటి నుంచి వచ్చిన ముడిసరుకు ఒక సంఖ్య కింద లోపలికి వచ్చి, తయారైన వస్తువు మరో సంఖ్య కింద బయటికి వెళితే, మధ్యలో చెప్పుకోదగిన పని జరిగిందని భావించి దానికి స్థానికత ఇస్తారు. ధరలు ఎంత పెరిగినా తగ్గినా ఈ కొలమానం మారదు. 5106గా వచ్చిన నూలు 6301గా మారింది కనుక గిరిసీమ కంబళికి ఇక భయం లేదు. నేను ఆనందంగా నిబంధన మార్చి పంపాను.

ఈసారి కొలిమినాడును రాస్తున్న మిత్రుడు ఉత్తరం రాశాడు. బయటి నుంచి నేసిన ఉన్ని బట్టనే తానులుగా నీలతీరం రేవులో దించి, ఒక షెడ్డులో దాన్ని ముక్కలుగా కోసి, అంచులు కుట్టి కంబళి అని పేరు పెడితే ఏమవుతుందని అడిగాడు. 5111గా వచ్చింది 6301గా మారింది. కొలమానం ప్రకారం అది నీలతీరం కంబళి. కోయడం, కుట్టడం తప్ప అక్కడ జరిగిన పని లేదు. మిత్రుడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అందుచేత కొన్ని సంఖ్యల నుంచి వచ్చిన ముడిసరుకును ఈ నియమం నుంచి మినహాయించాలి, అంటే దాని సంఖ్య మారినా స్థానికత ఇవ్వకూడదు. ఏ సంఖ్యలను మినహాయించాలన్న దగ్గర అసలు తగవు మొదలైంది.

5111 నుంచి 5113 వరకు, అంటే బట్టలను మాత్రమే మినహాయిస్తే, నేత ఖండంలోనే జరగాలి గాని నూలు ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు. గిరిసీమకు కావలసింది ఇదే. 5106 నుంచి 5113 వరకు మినహాయిస్తే నూలు కూడా ఖండంలోనే వడకాలి. నూలు మిల్లులన్నీ ఉన్న కొలిమినాడు కోరింది ఇది. పైకి చూస్తే ఐదు సంఖ్యల తేడా మాత్రమే. దాని వెనక ఏముందో చూడాలంటే మళ్లీ అదే కంబళి దగ్గరకు వెళ్లాలి. బయటి నూలు 55 నాణేలకు దొరుకుతుంటే, కొలిమినాడు నూలు 66 నాణేలు. బయటి నూలుతో నేసిన కంబళి 100 నాణేలకు తయారై, కొలిమినాడులో 30 శాతం సుంకం పడి 130 అవుతుంది. కొలిమినాడు నూలుతో నేస్తే 111 అవుతుంది, సుంకం ఉండదు. కాబట్టి గిరిసీమ నేతగాడు ఖరీదైన నూలే కొంటాడు. గిరిసీమ తన సరిహద్దులో నూలుపై పైసా సుంకం వేయదు. అయినప్పటికీ కొలిమినాడు వేసుకొన్న గోడ నీడ కొండలు దాటి గిరిసీమ మగ్గాలమీద పడింది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలోని మూల నిబంధనలు ఒక దేశపు రక్షణ సుంకాన్ని పొరుగు దేశంలోకి ఎగుమతి చేయగలవని ఆర్థికవేత్త ఆన్ క్రూగర్ 1993లోనే వివరించారు. ఆ వాదం నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం ఈ కంబళి లెక్క తరువాతే.

ఇది మా ఊహలో మాత్రమే జరిగే సంగతి కాదు. 1994లో అమలుకు వచ్చిన ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో చాలా దుస్తులకు నూలు దశ నుంచీ పని అమెరికా, కెనడా, మెక్సికో అనే మూడు సభ్యదేశాల్లోనే జరగాలన్న నియమం ఉండేది. అదే ఒప్పందంలో కార్లకు 62.5 శాతంగా ఉన్న ప్రాంతీయ వాటా, 2020 జూలై 1న దాని స్థానంలోకి వచ్చిన ఒప్పందంలో 75 శాతం అయింది. వ్యతిరేక దిశలోనూ ఉదాహరణ ఉంది. ఆఫ్రికా దేశాల కోసం అమెరికా 2000లో చేసిన వాణిజ్య చట్టం, పేద దేశాలు మూడో దేశపు బట్టతో కుట్టిన దుస్తులకు కూడా సుంకం మినహాయింపు ఇచ్చింది. సముద్రమే లేని చిన్న దేశం లెసోతోలో దుస్తుల కర్మాగారాలు విస్తరించడానికి ఆ ఒక్క వెసులుబాటు ఎంతో తోడ్పడింది. ఇక ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం విషయానికి వస్తే, 2018 మార్చి 21న రువాండా రాజధాని కిగాలీలో సంతకాలు జరిగాయి, 2019 మే 30న ఒప్పందం అమలుకు వచ్చింది, 2021 జనవరి 1న వాణిజ్యం మొదలైనట్లు ప్రకటించారు. అయినా వస్త్రాలకూ మోటారు వాహనాలకూ మూల నిబంధనలు ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి చర్చల్లోనే ఉన్నాయి. 90 శాతం సరుకులపై సుంకం తీసివేయాలని ఒప్పుకోవడం సాధ్యమైంది గాని, చొక్కా ఎవరిదో తేల్చడం అంతకంటే కష్టమైంది. ఒప్పందంలో ఏముందో తెలుసుకోవాలనుకొనే వారికి నేను చెప్పేది ఒకటే: సుంకాల పట్టిక తరువాత చూడవచ్చు, ముందు మూల నిబంధనల అనుబంధం చదవండి. ఏ దేశంలో మిల్లు వస్తుందో, ఏ దేశంలో మూతపడుతుందో అక్కడే రాసి ఉంటుంది.

నిబంధన ఎంత బాగున్నా దాన్ని సరిహద్దు దగ్గర ఒక మనిషి అమలు చేయాలి. అందుకే గిరిసీమ కనుమ దగ్గరి కస్టమ్స్ చౌకీని ఒక పూట పూర్తిగా రాసి చూశాను. తెల్లవారుజామున కంబళ్ల లారీ ఒకటి గేటు ముందు ఆగుతుంది. డ్రైవరు ఇన్‌వాయిస్, సరుకు ప్యాకింగ్ జాబితా, సరుకు ఏ దేశంలో పుట్టిందో తెలిపే మూల ధ్రువపత్రం తీసుకొని కిటికీ దగ్గరకు వెళతాడు. అధికారి ముందు సంఖ్య చూస్తాడు, తరువాత ఇన్‌వాయిస్‌లోని బేళ్ల లెక్కకూ ధ్రువపత్రంలోని లెక్కకూ పొంతన ఉందో లేదో చూస్తాడు, ఆపైన సంతకాన్నీ ముద్రనూ గిరిసీమ ముందుగా పంపిన నమూనాతో పోల్చుతాడు. గిరిసీమలో సంతకం చేసే అధికారి కిందటి నెల బదిలీ అయ్యాడు. కొత్తవారి సంతకం నమూనా ఈ చౌకీకి ఇంకా చేరలేదు. కంబళిలోని ప్రతి పోగూ ఖండానిదే అయినా లారీ ఆగిపోతుంది. సుంకానికి సమానమైన మొత్తం పూచీగా కట్టి సరుకు తీసుకువెళ్లవచ్చు గాని, చిన్న నేతగాళ్ల సంఘం దగ్గర అంత సొమ్ము ఎక్కడిది? ఈ దృశ్యం రాశాక, ఎగుమతిదారే తన సరుకు పుట్టుకను స్వయంగా ధ్రువీకరించి, లెక్కలు కొన్నేళ్లపాటు భద్రపరచి, అడిగినప్పుడు చూపే పద్ధతిని ఒప్పందంలో చేర్చాను. చిన్న మొత్తాల సరుకుకు ఏ పత్రమూ అక్కరలేదని కూడా రాశాను. మామూలు సుంకం ఎలాగూ రెండు మూడు శాతమే ఉన్న చోట, పత్రాల ఖర్చు భరించేకంటే సుంకం కట్టివేయడమే మేలని వ్యాపారులు రాయితీని వదులుకొంటారు. నిజ ప్రపంచంలోనూ అది తరచుగా జరిగేదే.

మిగిలిన రెండు దేశాల సంగతి ఇంత విస్తారంగా చెప్పను గాని, పైరునాడు లెక్క ఒకటి చెప్పకుండా ఉండలేను. పైరునాడు రైతులు పంపుసెట్లను బయటి నుంచి 100 నాణేలకు కొని, 20 శాతం సుంకంతో 120 చెల్లించేవారు. కొలిమినాడు పంపుసెట్టు 110 నాణేలు. ఒప్పందానికి ముందు సుంకంతో 132 అయ్యేది కనుక ఎవరూ కొనేవారు కారు. ఒప్పందం తరువాత దానిపై సుంకం పోయి 110 కే దొరుకుతుంది. రైతుకు 10 నాణేలు మిగిలాయి. కాని ఖజానాకు వచ్చే 20 నాణేలు పోయాయి. మునుపు దేశం నుంచి బయటికి వెళ్లినది 100 నాణేలే, ఇప్పుడు వెళ్లేది 110. ధర తగ్గడం వల్ల కొత్తగా కొనగలిగిన రైతుల మేలును కూడా లెక్కలోకి తీసుకోవాలి, నిజమే. అయినా పాత కొనుగోళ్లమీద ఒక్కో పంపుసెట్టుకు దేశం 10 నాణేలు నష్టపోయింది. ఆర్థికవేత్త జేకబ్ వైనర్ 1950లో వాణిజ్య మళ్లింపు అని పేరు పెట్టి చూపింది దీన్నే. బయటివారిపై ఉన్న ఆ 20 శాతాన్ని కూడా క్రమంగా తగ్గించుకోవడమే దీనికి మందు. పైరునాడు పదేళ్లలో 8 శాతానికి దిగివస్తానని ఒప్పందం బయట ప్రకటించినట్లు రాశాం. ఆ స్థాయిలో బయటి పంపుసెట్టు 108 కే దొరుకుతుంది, కొలిమినాడు కర్మాగారాలు తమ ధర తగ్గించుకోక తప్పదు.

దొంతిలంకల బాధ వేరు. సుంకాలమీద బతికే ఖజానా సుంకాలు వదులుకొంటే బడి, ఆసుపత్రి ఎలా నడుస్తాయి? 1910లో ఏర్పడిన దక్షిణాఫ్రికా ప్రాంత కస్టమ్స్ యూనియన్‌లో సుంకాల రాబడిని ఉమ్మడి నిధిలో వేసి పంచుకొంటారు. లెసోతో, ఎస్వాతినీ ప్రభుత్వాలకు ఆ వాటా ప్రాణాధారం. స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతంలో ఉమ్మడి సుంకమే లేనప్పుడు అలాంటి నిధి దానంతట అది పుట్టదు, ప్రత్యేకంగా ఏర్పరచాలి. మేము దొంతిలంకలకు పదిహేనేళ్ల గడువు, ఆ గడువులో తగ్గుతూ వచ్చే పరిహారం రాశాం. అంతర్జాతీయ ఒప్పందాల్లో ఇటువంటి గడువు పదేళ్లు దాటడం అరుదుగానే ఉండాలన్న అవగాహన 1994 నుంచి ఉంది. అయినా దీవులకు పదేళ్లు చాలవని నాకు గట్టిగా అనిపించింది.

ఇంత పట్టుదల ఎందుకంటే, పంపకం కుదరని కూటములు ఎలా విరిగిపోయాయో చరిత్ర చూపింది. కెన్యా, టాంజానియా, ఉగాండాలతో ఏర్పడిన తూర్పు ఆఫ్రికా సమాజం 1977లో కూలిపోయింది. రాజకీయ విభేదాలు ఎన్నో ఉన్నా, లాభంలో ఎక్కువ భాగం కెన్యాకే పోతోందన్న ఫిర్యాదు వాటిలో ముఖ్యమైనది. ఉమ్మడి రైల్వే, ఉమ్మడి విమాన సంస్థ ముక్కలయ్యాయి. ఆ సమాజం మళ్లీ నిలబడడానికి 2000 దాకా పట్టింది. గిరిసీమ మిత్రురాలు తన దేశం సంతకం చేయదని చెప్పినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఇదే. ఆమె పట్టుపట్టింది నూలు కోసం కాదు; ఒప్పందం వల్ల తన దేశంలో ఒక్క మిల్లయినా పుట్టే అవకాశం ఉండాలని.

మూడు వారాల ఉత్తరాల తరువాత కుదిరిన 9వ అధికరణ ఇప్పుడు ఇలా ఉంది: "ఒప్పందం అమలుకు వచ్చిన నాటి నుంచి ఎనిమిదేళ్ల వరకు, సభ్యదేశంలో నేసిన కంబళి, దాని నూలు ఎక్కడిదైనప్పటికీ, ఆ సభ్యదేశంలో పుట్టినదిగానే పరిగణింపబడుతుంది. ఎనిమిదేళ్ల తరువాత నూలు కూడా ఏదో ఒక సభ్యదేశంలో వడికినదై ఉండాలి. అయితే గిరిసీమ నుంచి ఏటా లక్ష కంబళ్ల వరకు ఈ షరతు వర్తించదు." కొలిమినాడు మిత్రుడు దీనికి ఒప్పుకొంటూ, కనుమ దిగువన గిరిసీమ కట్టబోయే మొదటి నూలు మిల్లుకు యంత్రాలు తన దేశమే అరువుమీద ఇస్తుందని మరో వాక్యం చేర్చమన్నాడు. ఆ మిల్లును పటంలో ఎక్కడ గుర్తించాలో, దానికి నీరు ఏ వాగు నుంచి రావాలో నిన్ననే గిరిసీమ నుంచి వివరాలు అందాయి.